మైనంతో మూసిన డబ్బా

నేను ఒక సినిమా రీలుని. ఫిలిప్పీన్స్ దేశంలో, మనీలా పట్నంలో, పెద్ద యుద్ధానికి రెండేళ్ల ముందు పుట్టాను. తొమ్మిది రీళ్ల బొమ్మలో నాది ఎనిమిదో చోటు. నా ఒంటి నిండా ఒక ఊరి జాతర. నిజం ఊరివాళ్లనే నిలబెట్టి తీశారు. అందులో పదహారేళ్ల ఇసిద్ర ఆడుతుంటే పక్కనే ఆమె అన్న టోనియో గిటారు వాయిస్తూ నవ్వుతుంటాడు.

యుద్ధంలో స్టూడియో కాలింది, ఇసిద్ర ఇల్లూ కాలింది. టోనియో తిరిగి రాలేదు. కాలకుండా మిగిలిన రీళ్లం బూరలు చేసేవాళ్ల పాలయ్యాం. కొత్త సంవత్సరం నాడు ఇంటిల్లిపాదీ బూరలూది గోల చేస్తేనే అక్కడ దరిద్రం పారిపోతుందట! మమ్మల్ని సోడా కలిపిన వేడినీళ్లలో నానేసి, బొమ్మలు తోమేసి, ముక్కలు కోసి బూరలకు చుట్టేవారు. నా తోటి రీళ్లన్నీ అలా ఒక్క రోజు కూసి చెత్తలో కలిశాయి.

తోమే పని ఇసిద్రది. నన్ను ముంచబోతూ ఎందుకో వెలుగుకెత్తి చూసింది. అందులో టోనియో నవ్వుతున్నాడు. ఆమెకు అన్న ఫోటో ఒక్కటి కూడా మిగల్లేదు మరి. ఎవరి కంటా పడకుండా ఇంటికి తెచ్చి, డబ్బాలో పెట్టి, మూత చుట్టూ మైనం పోసి, బియ్యప్పెట్టె అడుగున దాచింది. తెరిస్తే పాడవుతానని నలభై ఏళ్లు తెరవలేదు.

ఒకచోట పాత సినిమాలు భద్రం చేస్తున్నారని విని, చివరికి నన్ను ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది. అక్కడ మారివిక్ అనే అమ్మాయి మూత లేపగానే ముక్కు మూసుకుంది.

“అయ్యో లోలా!” అంది. లోలా అంటే వాళ్ల భాషలో అమ్మమ్మ. “ఇంత బిగించేశారేంటి? దీని ఒంట్లోంచి గ్యాస్ వస్తుంది. బయటికి పోయే దారి లేకపోతే ఆ గ్యాసే రీలును తినేస్తుంది.”

“చీమలకీ, దొంగలకీ, మా ఆయనకీ దొరక్కుండా దాచానే తల్లీ! గాలి కూడా సోకనివ్వలేదు.”

“అదే కొంప ముంచింది.”

తోమేవాళ్ల తొట్టి దగ్గర బతికి, కాపాడిన మనిషి చేతిలో చావబోయాను, చూశారా!

పై చుట్లన్నీ గోధుమరంగు పొడి అయ్యాయి. లోపలివి మారివిక్ వారాల తరబడి ఒక్కొక్కటే విడదీసింది. ప్రతి గురువారం ఇసిద్ర వచ్చేది. “మా అన్న బయటపడ్డాడా?” అని ఒకటే ప్రశ్న.

ఒక గురువారం మారివిక్ ఆమెను అడుగున దీపం వెలిగే గాజు బల్ల దగ్గరికి పిలిచింది. “గిటారాయన ఉన్నాడు లోలా. మీ మొహమే... మరక తినేసింది.”

ముసలామె వంగి చూసింది. టోనియో పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

“నేను పోతే పోయాన్లేవే,” అంది. “నేనిక్కడే ఉన్నాగా.”

నా నకలు తీశారు. నన్ను చల్లటి గదిలో పడుకోబెట్టారు. ఇసిద్ర ఇప్పటికీ గురువారాలు వస్తుంది. వచ్చీ రాగానే, ఎవరైనా బిగించారేమోనని నా మూతను వేలితో కదిపి చూసుకుంటుంది.