పదకొండు కిలోమీటర్లు

"పిచ్చుకొదినా! ఇవాళా తిరిగింది, పేపరు పట్రా!"

వసారాలోంచి మరిది కేకేశాడు. గలగలా మాట్లాడుతుందని పెళ్ళైన కొత్తలో భర్త పెట్టిన పేరు, పిచ్చుక. ఆమె మిషను మీద సగం కుట్టిన చొక్కా వదిలేసి, ఆనాటి పేపరు తెచ్చి, అమ్మకానికి పెట్టిన భర్త మోటారుబండి మీద పరిచింది. పేపరు తేదీ, మీటరు అంకెలు రెండూ కనబడేలా మరిది ఫోటో తీశాడు. అది కొనేవాడి షరతు. రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ పట్టేంత దూరంలో ఉంటాడాయన, స్కూలు బస్సు డ్రైవరు. చూడకుండా కొంటున్న బండి కదా, రోజుకో ఫోటో పంపితేగానీ నమ్మనన్నాడు. బండి కూడా ఆయనకి కాదు, కొత్తగా నర్సు ఉద్యోగంలో చేరిన కూతురికి.

భర్త పోయి ఐదు నెలలు. అయినా రోజూ పొద్దున తొమ్మిదయ్యేసరికి, నిలబడ్డ చోటే ఉన్నా బండి మీటరు తిరుగుతుంది. సీటు వెచ్చబడుతుంది. ఆదివారం మాత్రం తిరగదు. "మీ ఆయన ఇవాళ కాస్త లేటైనట్టున్నాడే," అంటుంది ఎదురింటావిడ బట్టలారేస్తూ. ఆ మాటకి పిచ్చుక గుండె పువ్వులా విచ్చుకుని, అంతలోనే ముడుచుకుపోతుంది.

మరిది మెకానిక్కు. వంగిన ముందు ఫోర్కు సరిచేసి, చిట్లిన చోట అతుకేసి, పైన రంగు కొట్టింది అతనే.

"యాక్సిడెంటు మాటెత్తకు వదినా. ఎత్తావంటే పాత ఇనుము వాడు కూడా తీసుకోడు."

ఆమె తలూపింది. ఆ వెచ్చటి సీటు మీద రోజూ చెయ్యి వేయడం ఇక తన వల్ల కాదు. బండి వెళ్ళిపోతే చాలు. అందుకే కొనేవాడికి వీడియోలో బండి చూపించేటప్పుడు, అతుకు దగ్గరికి రాగానే ఫోను కాస్త పక్కకి తిప్పేసింది.

మర్నాడు బండి రైలెక్కాలి. చుట్టడానికి గోనెసంచులు కూడా వచ్చేశాయి. అప్పుడు మోగింది ఫోను.

"అమ్మా, ఫోటోలన్నీ వరసగా పెట్టి చూశాను. మీటరు రోజూ తిరుగుతోందేం?"

"మేం నడపట్లేదండీ. ఆయనే డ్యూటీకి వెళ్తున్నారు."

"పోనీలే, అలవాటు పడ్డ మనిషి. మా నాన్నా అంతే, పోయాక కూడా ఏడాదిపాటు పొద్దున్నే గేటు తీసేవాడు. నా అనుమానం అది కాదు తల్లీ. మీ ఆయన పనిచేసిన ఫ్యాక్టరీ పద్దెనిమిది కిలోమీటర్లన్నావు. రోజూ పదకొండే తిరుగుతోంది. తర్వాత ఆయన ఎటు వెళ్తున్నట్టు?"

స్పీకరులో వింటున్న మరిది చెప్పొద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"మా పిల్ల ఒట్టి పిరికిది," నవ్వాడు డ్రైవరు. "అప్పుడే హెల్మెట్ కొనుక్కుని అద్దం ముందు నించుని మురిసిపోతోంది. నువ్వు బండి మంచిదంటే మంచిదే, పిల్లని ఎక్కించేస్తా."

ఆమె గోనెసంచులు పక్కకి తోసింది.

"ఎక్కించకండి. పదకొండు దగ్గర వంతెనుంది. ఆయన పడిపోయింది అక్కడే. ఫోర్కు చిట్లితే అతుకేసి రంగు కొట్టాం. వీడియోలో నేనే దాచాను."

చెప్పాల్సింది అయిపోయింది. అయినా ఆమె ఫోను పెట్టలేదు. మరిది వైపు చూస్తూ, ఐదు నెలలుగా ఎవరికీ చెప్పని మాట చెప్పింది.

"ఆ రోజు బ్రేకు పట్టట్లేదు, బస్సులో పోతానన్నారు. సాయంత్రం నన్ను షికారు తిప్పాలిగా, బండి మీదే వెళ్ళండని మారాం చేశాను. నేనే పంపించానండీ."