కాన్పుగది తలుపు

ఆ తలుపు మూసుకోదు. ఎర్రమడుగు దవాఖానాకు స్టాఫ్ నర్సుగా వచ్చిన మొదటి రోజే యశోదకు ఆ సంగతి తెలిసిపోయింది.

బిల్డింగు కొత్తదే. భద్రాచలం నుంచి అడవి దిక్కు పోయే రోడ్డు మీద, రెండేండ్ల కింద కట్టింది. గోడలకు రంగు కూడా ఇంకా మాయలేదు. కాన్పుగది తలుపు మాత్రం అప్పుడే ఒక పక్కకు వాలింది. కింది మూల గచ్చు మీద రాసుకుని రాసుకుని నెలవంకలాగ గీత పడ్డది. లోపల గడియ లేక కాదు, ఉన్నది. అది పోయి పడాల్సిన రంధ్రం చౌకట్టులో రెండు వేళ్ల పైన ఉండిపోయింది. వానాకాలం వచ్చి చెక్క ఉబ్బితే ఆ మాత్రం దగ్గరికి కూడా రాదు.

ముందున్న నర్సులు దానికి ఒక ఉపాయం చేసి పెట్టుకున్నరు. కాన్పు అయ్యేటప్పుడు ఆక్సిజన్ సిలిండరును దొర్లించుకొచ్చి తలుపుకు ఆనిస్తరు. అది చూసి యశోదకు ఒళ్లు మండింది. ఆమె ఇల్లందులో బొగ్గుబాయి క్వార్టర్లల్ల పెరిగిన మనిషి. అక్కడ నోరు తెరిచి అడగకపోతే నల్లా కాడ బిందె నిండదు. ఆ రోజే డాక్టర్ నాగచైతన్య దగ్గరికి పోయి చెప్పింది.

డాక్టరుది సత్తుపల్లి. చిన్న వయసు. చెడ్డవాడేం కాదు, జ్వరమొచ్చినోళ్ల మీద చెయ్యేసి చూసే డాక్టరే. "నాకు తెలుసు సిస్టర్. ఎస్టిమేట్‌లో పెట్టాం. నెక్స్ట్ ఫేజ్‌లో వస్తుంది," అన్నడు.

మళ్ల అడిగినా అదే మాట. అడిగినప్పుడల్లా ఆమె బయటికి వస్తుంటే ఆయన గది తలుపు తనంతట తనే మెల్లగ వచ్చి, చప్పుడు లేకుండ మూసుకునేది. దానికి పైన డోర్ క్లోజర్, ఇత్తడి హ్యాండిల్, చౌకట్టుకు అరచెయ్యంత స్టీలు మడతబందులు. ఆ తలుపు మూసుకున్న ప్రతిసారీ యశోద పండ్లు పటపట కొరికేది.

శ్రావణంలో ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం రేగులగుంపు నుంచి జోగి అనే పిల్లను ఆటోలో తెచ్చిన్రు. తొలిచూలు. వెంట అత్త భీమక్క, ఊరి మగవాళ్లు కొందరు వచ్చిన్రు. మగవాళ్లు వాన తగ్గేదాక వరండాలో నిలబడ్డరు.

నొప్పులు ముదిరినయి. బిడ్డ ఉమ్మనీరు పచ్చగ రావడం చూసి యశోద ఆక్సిజన్ అవసరం పడొచ్చని సిలిండరును తలుపు కాడి నుంచి బిడ్డ టేబుల్ దగ్గరికి జరిపించింది. తలుపుకు సెలైన్ స్టాండు అడ్డం పెట్టించింది. బిడ్డ తల కనిపిస్తున్నది. అప్పుడే గాలి ఒక్క ఊపు ఊపింది. స్టాండు కింద పడ్డది. తలుపు గోడకు కొట్టుకుని బార్లా తెరుచుకున్నది.

ఎదురుగ వరండా. వరండాలో మగవాళ్లు. వాళ్లల్ల జోగి పెనిమిటి అన్న.

జోగి వాళ్లను చూసింది. వాళ్లు జోగిని చూసిన్రు. వెంటనే మొహాలు తిప్పుకున్నరు గని, అప్పటికే ఆ పిల్ల మోకాళ్లు దగ్గరికి బిగించేసింది. టేబుల్ మీది నుంచి దిగబోయింది. "వద్దు తల్లీ, వద్దు," అంటున్నది యశోద. రెండు చేతులల్ల బిడ్డ తల, వదిలిపెట్టి తలుపు కాడికి పోలేదు. భీమక్కనే ఉరికి తలుపు నెట్టి, వీపు ఆనించి, కాళ్లు తన్నిపెట్టి నిలబడ్డది.

బిడ్డ ఆలస్యంగ బయటపడ్డది. నీలంగ ఉన్నది. వీపు రుద్ది, ఆక్సిజన్ పెట్టంగ పెట్టంగ ఏడ్చింది. ఆడపిల్ల. యశోద తుడిచి పక్కన పడుకోబెడితే జోగి గోడ దిక్కు తిరిగి పడుకున్నది. ఎంత పిలిచినా ఇటు మళ్లలేదు.

సాయంత్రానికి వాళ్లు పోతమన్నరు. రేపటిదాక ఉండాలె, బిడ్డను చూస్తుండాలె అని యశోద అడ్డం పోయింది.

భీమక్క ఆమెను నిదానంగ చూసింది. "మా ఇంటికి తడికే ఉన్నది సిస్టరమ్మా. అది మూస్తే మూసినట్టుంటది. మీకు గింత పెద్ద మిద్దె ఉన్నది, తలుపు లేదు. ఎట్ల ఉండమంటవ్?"

యశోద బిడ్డను గుడ్డల చుట్టి ఆమె చేతిల పెట్టింది. వాళ్ల ఆటో పోయినంక కాన్పుగది కడిగించింది. తలుపును కాలితోటి తన్నింది. అది గోడ దాక పోయి, గచ్చు గీసుకుంట మళ్ల ఆమె మీదికే వచ్చింది.

జోగి తోటికోడలు ఉంగికి నెలలు నిండుతున్నయి. కాళ్లు వాచినయి, బీపీ పైకి పోతున్నది. ఆమె చెకప్‌కు రావడం మానేసిందని తెలిసి యశోద రేగులగుంపు పోయింది. ఉంగి లోపలి నుంచి బయటికి రాలేదు. వాకిట్ల ఇప్పపలుకులు ఎండబోస్తున్న భీమక్కనే మాట్లాడింది.

"ఆమెకు ఇంటికాడ కాన్పు అయితే పానం మీదికొస్తది భీమక్కా," అన్నది యశోద.

"పానం పోతదని నువ్వంటున్నవ్. మానం పోయిందని జోగి అంటున్నది. నేను ఎవలి మాట వినాలె?"

తిరుగు దారిలో స్కూటీ నడుపుతుంటే యశోదకు కోపం ఆగలేదు. భీమక్క మీద కాదు ఆ కోపం. గాలి మీద అంతకన్న కాదు. తలుపు చెయ్యడమంటే రాకెట్ చెయ్యడం కాదు కదా. ఒక మనిషి, ఒక పూట పని. ఆ ఒక్క పూట ఎవ్వరికీ దొరకలేదు.

తెల్లారి డాక్టరు కొత్తగూడెం మీటింగుకు పోయిండు. యశోద సారపాక నుంచి ముత్యాలును పిలిపించింది. చుట్టుపక్కల ఇండ్లకు తలుపులు బిగించే వడ్రంగి. వచ్చి, తలుపును ఒకసారి ఎత్తి చూసి, పై బందు కాడి స్క్రూను వేళ్లతోనే పీకి ఆమె చేతిల పెట్టిండు.

"గడియ తప్పు కాదు మేడమ్. బందులు జారినయి. గింత బరువు తలుపుకు రెండే బందులు పెట్టిన్రు, అవి కూడ రేకు లెక్కన ఉన్నయి. స్క్రూను తిప్పి దించాలె. వీళ్లు సుత్తెతోటి కొట్టిన్రు. చెక్కంతా పిండి పిండి అయ్యింది."

"బాగైతదా?"

"అయితది. మూడు మంచి బందులు కావాలె. భద్రాచలం పోయి తెస్త, పెద్ద ఖర్చేం కాదు."

"నువ్వు తేవొద్దు, నేను కొనొద్దు," అన్నది యశోద. "ఇయ్యాల నేను బందులు కొంటే, రేపు నా తర్వాత వచ్చే నర్సు బల్బు కొనాలె, ఆ తర్వాత వచ్చేది మంచం కొనాలె. ఈ బిల్డింగులనే మంచి బందులు ఉన్నయి. రా, చూపిస్త."

డాక్టరు గది ముందు ముత్యాలు ఆగిపోయిండు. "సర్కారు సామాను మేడమ్. నా మీదికొస్తది."

"సర్కారు సామాను సర్కారు గదికే పోతున్నది. నీ స్క్రూడ్రైవర్ ఇటియ్యి." మొదటి స్క్రూ ఆమెనే తిప్పింది. గట్టిగ ఉన్నది, మణికట్టు నొచ్చింది, అయినా విడువలేదు. ఊడినదాన్ని అతని చేతిల పెట్టి, "మొదటిది నేను తీసిన. అడిగితే నా పేరు చెప్పు," అన్నది.

ఇద్దరూ కలిసి తలుపు దించి గోడకు ఆనించిన్రు. ముత్యాలు కాన్పుగది తలుపు కూడ దించిండు. చితికిన రంధ్రాలల్ల టేకు చీలికలు జిగురు పూసి దిగగొట్టిండు. అవి బిగుసుకున్నంక కొత్త రంధ్రాలు పెట్టి, పొడుగు స్క్రూలు తిప్పి తిప్పి దించి, డాక్టరు బందులు మూడు బిగించిండు. తలుపు అడుగున చిత్రిక పట్టిండు. ఇత్తడి హ్యాండిల్ తాళం కూడ ఇటే పెడ్తనన్నడు.

"తాళం వద్దు," అన్నది యశోద. "లోపల మనిషికి ఫిట్స్ వస్తే బయటోళ్లు తాళంచెవి ఎక్కడ వెతుకుతరు? గడియనే పెట్టు. గట్ల పైన కాదు, గింత కిందికి. నా రెండు చేతులకు నెత్తురున్నా మోచేత్తోటి నెట్టేటట్టు ఉండాలె."

ముత్యాలు ఆమెను నిలబెట్టి మోచేతి ఎత్తుకు పెన్సిలు గీత గీసి, అక్కడ బిగించిండు. యశోద మోచేత్తో నెట్టింది. గడియ పోయి రంధ్రంల పడ్డది. ఆ చప్పుడు ఆమె చెవులకు చల్లగ తాకింది. అంతలోనే, గింత చిన్న పనికా ఆ పిల్ల మొహం గోడకు తిప్పుకున్నదని కోపం మళ్ల లేచింది.

మర్నాడు డాక్టరు వచ్చిండు. తన గది తలుపు గోడకు ఆని ఉన్నది. వరండాలో కూచున్న పేషంట్లంతా లోపలికి చూస్తున్నరు.

"ఎవరు చేశారిది?"

"నేనే సార్."

"మీకు మతి ఉండే చేశారా? నేను బట్టలు మార్చుకునే గది ఇది. అన్నం తినే గది. అందరూ చూస్తుంటే ఎలా కూర్చోవాలి?"

"అవ్ సార్, కష్టమే," అన్నది యశోద. గొంతు పెంచలేదు. "కాన్పుగదిల సిలిండర్‌కు ఇప్పుడు తలుపు ఆపే పని లేదు. ఆనించుకోండి. తలుపు సంగతి ఎస్టిమేట్‌లో పెట్టండి, నెక్స్ట్ ఫేజ్‌లో వస్తది."

ఆయన మొహం ఎర్రబడ్డది. "మెమో ఇస్తాను."

"ఇయ్యండి."

ఆ సాయంత్రమే వాకిట్ల కారు ఆగింది. బిల్డింగు కట్టిన కాంట్రాక్టరు చెంచురామయ్య దిగిండు. వెనక ఒక పనివాడు, వాని చేతిల కొత్త బందులు. ఇక్కడికి వచ్చిన కాడి నుంచి యశోద ఆయన పేరు వినడమే గని మనిషిని చూడలేదు. వార్డుల ఇంజక్షన్ చేస్తున్న ఆమెకు టక్ టక్ మని సుత్తె చప్పుడు వినబడ్డది. ఇంజక్షన్ పూర్తి చేసి, సూది పారేసి, చేతులు కడుక్కుని బయటికి వచ్చింది. పనివాడు డాక్టరు తలుపు స్క్రూ మీద సుత్తెతో కొడుతున్నడు. ఆమె వాని చేతిల నుంచి సుత్తె గుంజుకున్నది.

"ఏవమ్మా, నర్సువి. నర్సు పని చూసుకో," అన్నడు చెంచురామయ్య.

"తలుపు మూసుకున్నంకనే నా పని మొదలైతది. డాక్టరు తలుపు అంటే పూట తిరగక ముందే వచ్చినవ్. కాన్పుగది తలుపుకు రెండేండ్లు ఎందుకు రాలే?"

"నాకెవరు చెప్పారమ్మా? ఒక్క ఫోన్ చేస్తే రానా? ఇంతవరకు ఒక్కళ్లూ చెప్పలేదు."

యశోద తల తిప్పి చూసింది. డాక్టరు వరండా చివర నిలబడి ఉన్నడు. ఆమె చూపు తాకంగనే కండ్లు కిందికి వాలినయి.

"ఎస్టిమేట్‌లో పెట్టలేదా సార్?"

"పెట్టాలనుకున్నాను," అన్నడు ఆయన. "రోజుకో పని వస్తుంది సిస్టర్. మర్చిపోయాను."

ఆమె చేతిల సుత్తె ఉన్నది. దాన్ని జాగ్రత్తగ కింద పెట్టింది. ఇన్ని రోజులు ఆమె సర్కారును తిట్టుకున్నది, పైసలు రాలేదని తిట్టుకున్నది, కనబడని వాళ్లనందరిని తిట్టుకున్నది. తీరా చూస్తే ఒక మనిషి మర్చిపోయిండు. అంతే. జోగి సంగతి ఆయనకు చెప్పాలనుకున్నది. చెప్పబుద్ధి కాలేదు. లోపలికి పోయింది.

మెమో వచ్చింది. యశోద జరిగింది జరిగినట్టు రాసి జవాబిచ్చింది. ఆ తర్వాత దాని ఊసు ఎవ్వరూ ఎత్తలేదు. డాక్టరు, ఆమె పని ఉంటేనే మాట్లాడుకుంటున్నరు.

ఉంగి వస్తదని యశోద అనుకోలేదు. ఊర్ల ముత్యాలు చెప్పిండో, ఆశా కార్యకర్త చెప్పిందో, ఒక పొద్దున ఆటో వచ్చి ఆగింది. ముందు భీమక్క ఒక్కతే దిగింది. కోడలిని దించకుండ నేరుగ కాన్పుగదిలకు పోయి గడియ పెట్టుకున్నది. లోపలి నుంచే, "నెట్టు సిస్టరమ్మా," అన్నది.

యశోద నెట్టింది. భీమక్క "గట్టిగ" అంటే భుజం పెట్టి నెట్టింది. తలుపు కదలలేదు. గడియ తీసి భీమక్క బయటికి వచ్చి, బందులను వేలితో తడిమి, "ఉంగిని దించండి," అన్నది.

బీపీకి మందులు, సూదులు పెట్టి, డాక్టరును పక్కన ఉంచుకుని చేసిన కాన్పు అది. డాక్టరు లోపలికి వచ్చే ముందు తలుపు కొట్టి, జవాబు వచ్చేదాక ఆగిండు. మాపటికి మగపిల్లవాడు పుట్టిండు. తల్లి గట్టెక్కింది.

చేతులు కడుక్కుని యశోద బయటికి వస్తే ఆటో ఇంకా అక్కడనే ఉన్నది. వెనక సీటుల జోగి, ఒళ్లె బిడ్డ. పొద్దటి సంది ఆ పిల్ల ఆటో దిగలేదట. వరండా మెట్టు కూడ ఎక్కనన్నదట.

తలుపు బాగైంది, జోగికి కాదు. లోపలికి రమ్మని పిలవడానికి యశోదకు మనసొప్పలేదు. బిడ్డకు వెయ్యాల్సిన టీకాలు ఐస్ డబ్బాలో పెట్టుకుని ఆటో కాడికే పోయింది. జోగి ఆమె మొహం చూడలేదు. చూపు రోడ్డు మీదనే పెట్టి, బిడ్డను మాత్రం ఆమె చేతుల్లకు ఇచ్చింది.