ఇంట్లో ఇద్దరు మాణిక్యమ్మలు

ఆసుపత్రిలో ఆ పొద్దున ఆరో బిడ్డకు నీళ్లు పోయడానికి కూర్చుని మాణిక్యమ్మ బకెట్‌లో మోచేయి ముంచి చూసుకుంది. చేతివేళ్లను ఆమె నమ్మదు. ఇరవై నాలుగేళ్లుగా వేడినీళ్లలో, ఫినాయిల్‌లో నానిన వేళ్లకు ఏది వేడో ఏది చల్లనో తెలియడం మానేసింది. మోచేయి మాత్రం ఇంకా నిజం చెబుతుంది. కాళ్లు చాపుకుని, బిడ్డను వాటి మీద బోర్లా వేసుకుని, వెన్ను మీదుగా చెంబుతో నీళ్లు జార్చింది. బిడ్డ కెవ్వుమంది.

"ఏడువు బిడ్డా, ఏడువు. ఇప్పుడేడిస్తెనే గొంతు సాఫైతది."

తుడిచి, గుడ్డలో చుట్టి, బిడ్డ మణికట్టు మీది తెల్లపట్టీ ఊడలేదు కదా అని చూసింది. సిస్టరమ్మ ఆ పట్టీ మీద బిడ్డ తల్లి పేరు రాస్తుంది. ఇక్కడ పుట్టినవాళ్లకు సొంత పేరుండదు. ఇంటికి వెళ్లేదాకా అందరూ ఫలానా ఆమె బిడ్డలే. చార్మినార్‌కు కూతవేటు దూరంలో ఉన్న ఆ ప్రసూతి ఆసుపత్రిలో పెద్దవాళ్లలో పేరు లేనిదల్లా మాణిక్యమ్మే. డాక్టర్లకు ఆమె ఆయా, బాలింతలకు ఆయమ్మ, వాళ్లలో ఉర్దూ మాట్లాడేవాళ్లకు ఖాలా, అంటే పిన్ని. భర్త గుండయ్య బతికున్న రోజుల్లో "ఏమే" అనేవాడు. కొడుకు కొండల్ "అమ్మా" అంటాడు. ఆమెకు పేరు పెట్టెలో దాచుకున్న పట్టుచీర లాంటిది. ఉందని తెలుసు గాని కట్టింది తక్కువ.

ఈ గురువారం ఆమె కళ్లు బిడ్డల మీద కన్నా గోడ గడియారం మీదే ఎక్కువ ఉన్నాయి. పదకొండు లోపల పత్తర్‌గట్టి బజారు వరండాలో టైపు కొట్టే పరబ్రహ్మం దగ్గరికి వెళ్లాలి. గురువారం పదకొండుకు ఆయన వారంలో పోగైన కాగితాలన్నీ సంచిలో వేసుకుని, మూసీ దాటి పాస్‌పోర్టు ఆఫీసుకు వెళతాడు. ఆ సంచిలో ఆమె కోడలి పాస్‌పోర్టు కూడా ఉంటుంది. అది ఆఫీసులోకి వెళితే రెండు నెలలకు గాని బయటికి రాదు. కోడలేమో ఈ నెలాఖరుకు కువైత్‌లో ఉండాలి. పెట్టెలోంచి ఆ పాస్‌పోర్టు తీసింది మాణిక్యమ్మే. ఆ సంగతి కోడలికి ఇంకా తెలియదు.

అసలు చిక్కంతా పేరుతో వచ్చింది. నాలుగు నెలల కిందట కొండల్‌కు సంబంధం కుదిరినప్పుడు పిల్ల అన్నివిధాలా నచ్చింది. నర్సు చదివింది, నెమ్మదైంది. పేరొక్కటే అడ్డం పడింది. ఆ పిల్ల పేరూ మాణిక్యమ్మే. అత్త పేరే కోడలికి ఉంటే ఆ ఇంట్లో కోడలిని పిలిచేదెట్లా? మొగుడు పెళ్లాన్ని పేరు పెట్టి కసిరితే కన్నతల్లిని కసిరినట్టే అవుతుంది. కులపెద్ద వైకుంఠం మీసం దువ్వుకుని, "పిల్లను మార్సకుండ్రి, పేరు మార్సుండ్రి" అని తీర్పు చెప్పాడు. అది వాళ్లలో కొత్తేమీ కాదు. పెళ్లినాడు ఇత్తడి పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో కొత్త పేరు రాయించారు. హైమవతి.

ఆ పేరు ఎంచింది మాణిక్యమ్మ. ఊరికే ఎంచలేదు. కొండల్ అడ్డం తిరిగి పుట్టినప్పుడు తల్లినీ బిడ్డనూ బతికించింది కోస్తా నుంచి వచ్చిన డాక్టరమ్మ హైమవతి. ఏడాది తిరగకుండానే గుండయ్య జ్వరంతో పోయాడు. పిల్లవాణ్ణి చంకన వేసుకుని ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్న మాణిక్యమ్మను చూసి, "ఏడవడానికి వచ్చావా, పని చేయడానికి వచ్చావా?" అని అడిగింది కూడా ఆమే. మర్నాటి నుంచి మాణిక్యమ్మ ఆయా. డాక్టరమ్మ రిటైరై సొంత ఊరు వెళ్లి తొమ్మిదేళ్లయింది. ఆ తల్లి చేసిన మేలుకు తానేం చేయగలదు? ఇంటికి వచ్చిన కోడలికి ఆ పేరు పెట్టుకుంది. హైమవతీ అని పిలిచినప్పుడల్లా ఆమెకు డాక్టరమ్మకు దండం పెట్టుకున్నట్టే ఉండేది.

కాని పాస్‌పోర్టులో పాత పేరే ఉంది. మాణిక్యమ్మ, తండ్రి శివయ్య. పెళ్లికి ముందు తోటి నర్సులందరితో కలిసి తీసుకున్నది. పెళ్లయ్యాక అది మార్చాలా వద్దా అని ఇంట్లో రోజూ లొల్లే. మార్చాలని కొండల్ పంతం. తాను పెట్టుకున్న కువైత్ ఉద్యోగం కబురు తేలాక చూద్దామని కోడలు. సర్కారు ముద్ర కింద హైమవతి అన్న పేరు ఒక్కసారి కళ్లారా చూసుకోవాలని మాణిక్యమ్మ ఆశ. సోమవారం ఆమె కోడలికి చెప్పకుండా పాస్‌పోర్టు తీసుకెళ్లి పరబ్రహ్మం చేత పేరు మార్పు ఫారం కొట్టించింది. మారి వచ్చాక చేతిలో పెడితే పిల్ల సంబరపడుతుందనుకుంది.

బుధవారం సాయంత్రం కువైత్ నుంచి కాగితం వచ్చింది. అక్కడి ఆసుపత్రిలో రెండేళ్ల ఉద్యోగం. వీసా మీద పేరు మాణిక్యమ్మ. ఇక్కడ ఓ చిన్న నర్సింగ్ హోంలో నర్సు పనీ ఆయా పనీ కలిపి చేస్తున్న కోడలు, కాగితం చదువుతూ చదువుతూనే అత్తను వాటేసుకుంది.

"రేపు డ్యూటీ నుంచి వచ్చినంక పెట్టె తీసి అన్ని సదురుకుంట అత్తమ్మా."

మాణిక్యమ్మ పెట్టె వైపు చూసింది.

పదిన్నరకు సిస్టరమ్మను అడిగి, చెప్పులు తొడుక్కుంటుండగా తొమ్మిదో మంచం మీది పిల్ల ఆమె చెయ్యి పట్టుకుంది. వరమ్మ అని తొలికాన్పు పిల్ల. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. కళ్లు గుండ్రంగా తిప్పుతోంది.

"నువ్వు పోకు ఆయమ్మా. నాకు భయమైతుంది."

మాణిక్యమ్మ గడియారం వైపు చూసింది. పిల్ల వైపు చూసింది. ఇన్నేళ్లలో నొప్పులు పడుతున్న మనిషి చేతిలోంచి చెయ్యి లాక్కుని వెళ్లిన రోజు ఒక్కటి లేదు. ఈరోజు మొదలుపెట్టడం ఆమె వల్ల కాలేదు. చెప్పులు మంచం కిందికి తోసి పిల్ల నడుము రుద్దడం మొదలుపెట్టింది. పదకొండయింది. పన్నెండయింది. ఒంటిగంటకు పది నిమిషాలుండగా వరమ్మకు ఆడపిల్ల పుట్టింది. బిడ్డకు నీళ్లు పోసి, పట్టీ అంటించి, తల్లి పక్కన పడుకోబెట్టాకే మాణిక్యమ్మ బయటపడింది.

ఇక లాభం లేదని తెలిసీ పరిగెత్తింది. గాజుల దుకాణాల ముందు బేరాలాడే ఆడవాళ్లను తప్పించుకుంటూ, తోపుడుబండ్ల వాళ్లను "జర జరుగు భాయ్" అని బతిమాలుకుంటూ చార్మినార్ దాటింది. యాభై దాటిన మోకాళ్లు ఎదురుతిరిగాయి. కోడలికి ఏమని చెప్పాలి? నీకు పేరు పెట్టినదాన్నే నీ దారికి అడ్డం పడ్డానని చెప్పాలా?

వరండాలో రాతి స్తంభం పక్కన తన కుర్చీలో కూర్చుని పరబ్రహ్మం క్యారియర్‌లోంచి పెరుగన్నం తింటున్నాడు. టైపు మిషను మీద తువాలు కప్పి ఉంది. సంచి ఖాళీగా కుర్చీకి వేలాడుతోంది.

"పోయొచ్చిన్రా సార్?"

"వెళ్లొచ్చానండీ. మీది తప్ప అన్నీ ఇచ్చేశాను. కూర్చోండి మాణిక్యమ్మగారూ."

ఎవరిని పిలుస్తున్నాడా అని ఆమె వెనక్కి తిరిగి చూసింది. పరబ్రహ్మం చెయ్యి కడుక్కుని, సొరుగులోంచి పాస్‌పోర్టూ ఫారమూ తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. ఫారం అడుగున వంకరటింకరగా, ఒక్కో అక్షరం ఒక్కో సైజులో ఉన్న సంతకం మీద వేలు పెట్టాడు.

"ఇది ఎవరిదండీ?"

"నాదే సార్. మాణిక్యమ్మ సంతకం గావాలె అంటిరి గద. పెట్టిన."

ఆ మాటలో కొంచెం గర్వం కూడా ఉంది. మొన్నమొన్నటిదాకా ఆమెది వేలిముద్రే. కోడలు వచ్చిన రెండో నెలలో సుద్దముక్క చేతికిచ్చి గచ్చు మీద దిద్దించింది. "నా పేరే గద అత్తమ్మా, నేర్పుడు అల్క" అని నవ్వేది. ఆసుపత్రి హాజరు పుస్తకంలో మొదటిసారి సంతకం పెట్టిననాడు గుమాస్తా కళ్లద్దాలు సర్దుకుని మరీ చూశాడు. ఈ ప్రపంచంలో ఆమెకు చదవడం, రాయడం వచ్చిన మాట అదొక్కటే. సోమవారం పరబ్రహ్మం తలెత్తకుండా "ఇక్కడ మాణిక్యమ్మ సంతకం" అనగానే, పిలిచి పీట వేసినట్టు సంతోషంగా పెట్టేసింది.

"పెట్టాల్సింది మీ కోడలమ్మాయండీ. ఆవిడ సంతకం ఇదిగో, పాస్‌పోర్టులో ఇంగ్లీషులో ఉంది. నిన్న సాయంత్రం రెండూ కలిపి చూశాను గనక సరిపోయింది. లేకపోతే మీ ఇద్దరినీ వదిలేసి నన్ను పట్టుకునేవారు." అంటూనే ఆయనకు నవ్వు ఆగలేదు.

మాణిక్యమ్మకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కొంగుతో మొహం తుడుచుకుని కువైత్ కాగితం సంగతి చెప్పింది. నెలాఖరన్న మాటా చెప్పింది. ఆయన విని తల ఊపాడు.

"అయితే చూడండమ్మా. పెళ్లవగానే పాస్‌పోర్టులో పేరు మార్చి తీరాలని ఎక్కడా లేదు. వీసా మీదా, టిక్కెట్టు మీదా, నర్సు సర్టిఫికెట్ల మీదా, దీని మీదా ఒక్కటే పేరుండాలి. అదీ ముఖ్యం. ఇప్పుడు ఇదొక్కటి మార్చారంటే అవన్నీ ఎదురుతిరుగుతాయి. రెండేళ్ల తరవాత వచ్చినప్పుడు తీరిగ్గా మార్పించుకోవచ్చు. ఏం చేయమంటారు? ఆ అమ్మాయి సంతకానికి కొత్త ఫారం కొట్టనా, పాస్‌పోర్టు ఇచ్చెయ్యనా?"

"హైమవతి అని యాడ రాసిన్రు సార్?"

ఆయన చూపించాడు. మాణిక్యమ్మ ఆ ఇంగ్లీషు అక్షరాల మీద వేలు ఉంచింది. మొద్దుబారిన వేలికి కాగితం తగులుతున్నట్టే లేదు. డాక్టరమ్మ ఎదురుగా ఉంటే ఏమనేదో ఆమెకు తెలుసు. ఆ తల్లికి పేరు మీద మోజెక్కడిది? చేతిలో పని ఉందా లేదా, అంతే చూసేది.

"పాస్‌పోర్టు ఇయ్యుండ్రి సార్. ఫారం చింపుండ్రి. మీరు సల్లగుండాలె."

సాయంత్రం కోడలు వచ్చి పెట్టె తాళం తీయబోతుంటే మాణిక్యమ్మ పాస్‌పోర్టు ఆమె చేతిలో పెట్టి, చేసిందంతా దాచకుండా చెప్పింది. పిల్ల మొహం తెల్లబోయింది. తప్పు సంతకం దాకా కథ వచ్చేసరికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నేను నేర్పిన సంతకమేనా అత్తమ్మా?"

"గదే బిడ్డా. గదే కాపాడింది."

డిపోలో ఫిట్టరుగా పనిచేసే కొండల్ నూనె చేతులతో వచ్చి, సంగతి విని ధుమధుమలాడాడు.

"నా పెండ్లాం పాస్‌పోర్టుల పాత పేరేంది? ఆ పేరు కొట్టేయాలె అని మొదటి సంది జెప్తనే ఉన్న."

"గది నా పేరు గూడ కొడుకా. ఏం, మంచిగ లేదా?"

కొండల్ తన నూనె చేతులు చూసుకున్నాడు. సబ్బు కోసమని పెరట్లోకి వెళ్లిపోయాడు. అత్తాకోడళ్లు ఒకరినొకరు చూసుకున్నారు.

"హైమవతి ఈ ఇంట్ల పేరు అత్తమ్మా," అంది కోడలు మెల్లగా. "అది ఈడనే ఉంచి పోత. వచ్చినంక మళ్ల నేనే పెట్టుకుంట."

"ఉంచు. నేను జూసుకుంట," అంది మాణిక్యమ్మ. "నా పేరు నన్ను ఈ షహర్ గూడ దాటియ్యలె. నిన్ను సముద్రం దాటిస్తున్నది. నాకింకేం గావాలె బిడ్డా," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమెకు నిజంగానే ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

పదకొండు రోజుల తర్వాత, మధ్యాహ్నం బండికి ప్రయాణం. బొంబాయి దాకా కొండల్ తోడు వెళుతున్నాడు. ఆసుపత్రిలో ఇద్దరు ఆయాలు రాకపోవడంతో మాణిక్యమ్మకు సెలవు దొరకలేదు. తెల్లవారి డ్యూటీకి బయల్దేరే ముందు ఆమె సిస్టరమ్మను అడిగి తెచ్చుకున్న తెల్లపట్టీ ముక్క తీసి, దాని మీద మాణిక్యమ్మ అని తానే రాసి, బిడ్డ మణికట్టుకు అంటించినంత జాగ్రత్తగా సూట్‌కేసు పిడికి అంటించింది. కోడలు కాళ్లకు మొక్కింది. మాణిక్యమ్మ ఆమె తల మీద చెయ్యి వేసి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది. బండి కదిలే వేళకు ఆమె మోచేయి నీళ్లలో ఉంది.

మూడు గంటలకు మాదన్నపేట ఇంటికి వచ్చి తాళం తీసింది. ఇల్లు ఊడ్చి ఉంది. దండెం మీద చీర ఒక్కటీ లేదు. దీపం పెట్టే గూట్లో, పెళ్లినాటి ఇత్తడి పళ్లెం కనిపించింది. అందులో బియ్యం సమంగా పరిచి, వేలితో ఏదో రాసి ఉంది. మాణిక్యమ్మ దగ్గరికి వెళ్లి, కోడలు నేర్పినట్టే ఎడమ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క అక్షరమే చూసింది. అందులో తనకు తెలిసింది నడుమనున్న మ ఒక్కటే. తన పేరైతే అన్నీ తెలిసేవి. అది తన పేరు కాదు గనక ఎవరి పేరో ఆమెకు తెలిసిపోయింది. ఉంచి పోతానని చెప్పిన పిల్ల ఉంచే పోయింది.

చేతులు జోడించింది. డాక్టరమ్మకో, కోడలికో, దేవుడికో ఆమెకే తెలియదు. ముగ్గురికీ చెందుతుందిలే అనుకుంది. తర్వాత వంటింట్లోకి వెళ్లి డబ్బాలోంచి వేరే బియ్యం తీసుకుని పొయ్యి మీద ఎసరు పెట్టింది. కిటికీలోంచి వచ్చే పిచ్చుకలు తాకకుండా ఆమె కప్పిన పల్చటి గుడ్డ కింద, పళ్లెంలో అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి.