అచ్చుతప్పు ప్రయాణికుడు

2009 ఫిబ్రవరి 24. లెంట్ ఉపవాసాలకు ముందురోజు, పాన్‌కేకుల మంగళవారం. పక్కింటి మేవిస్ టోర్డాఫ్ మా వంటింట్లో నిలబడి అట్లు పోస్తుంటే, నేను పంచదార చల్లి నిమ్మకాయ పిండుకుని లెక్క మరిచిపోయేదాకా తిన్నాను. మొదటి అట్టు పెనానికి అంటుకుపోయింది. మొదటిది ఎప్పుడూ పెనం వాటా అని మేవిస్ సిద్ధాంతం. నా భార్య నోరా పోయాక ఈ పండుగరోజున నేను ఒంటరిగా తినలేదు. పిలవకుండానే పిండిగిన్నెతో వస్తుంది మేవిస్. ఎందుకొచ్చిందో చెప్పదు.

ఆ రోజు మాత్రం చెప్పింది. స్పెయిన్ సముద్రతీరంలో ఉంటున్న వాళ్ళక్క కోనీకి చూపు మందగిస్తోందట. నీ మొహం ఆనవాలు పట్టగలిగి ఉండగానే ఒకసారి వచ్చిపోవే అని ఫోన్ చేసిందట. అక్కాచెల్లెళ్ళు కలుసుకుని పదేళ్ళు దాటింది. బడిలో వంట చేసి రిటైరైన మేవిస్‌కు మామూలు ధర అందదు. ఒక చవక విమానాల కంపెనీ మర్నాడు మధ్యాహ్నం దాకా లీడ్స్ నుంచి టికెట్లు కారుచవకగా ఇస్తోంది. చిక్కల్లా ఒకటే. ఏ కార్డుతో కట్టినా పోవడానికి ఐదు పౌన్లు, రావడానికి ఐదు పౌన్లు అదనంగా గుంజుతారు.

ఆ పది పౌన్లు నేనిస్తానన్నాను. అనకుండా ఉండాల్సింది. మేవిస్ పెనం దించేసింది.

“నా దగ్గర లేక కాదు నాయనా. కొట్లో బంగాళాదుంపలు కొని డబ్బులిస్తే, అవి పుచ్చుకున్నందుకు చెయ్యి నొప్పెట్టిందని కొట్టువాడు ఇంకో పౌను అడుగుతాడా? కట్టడానికి కట్టమంటే నేను కట్టను. అక్క నన్ను చూడకపోతే చూడకపోయింది.”

ఆఖరి మాట అంటూ పొయ్యివైపు తిరిగింది. మా యార్క్‌షైర్‌లో పుట్టినవాళ్ళు ఒకసారి కట్టనంటే కట్టరు. అది పౌరుషం కాదు, మతం.

ఎలెక్ట్రాన్ కార్డు ఉన్నవాళ్ళకు మాత్రం ఆ రుసుము లేదు. పొద్దుటినుంచి దానికోసం మేవిస్ వీధంతా గాలించింది. అయితే ఆ కార్డును బ్యాంకు ఎవరికి పడితే వాళ్ళకివ్వదు. తను నమ్మనివాళ్ళకే ఇస్తుంది. కొత్తగా ఖాతా తెరిచిన పిల్లలకు, అప్పుల్లో మునిగి తేలినవాళ్ళకు. ఖాతాలో ఉన్నదానికి మించి ఒక్క పెన్నీ ఖర్చుపెట్టనివ్వని కార్డు అది. కాబట్టి నీ దగ్గర ఎలెక్ట్రాన్ ఉందా అని అడగడమంటే, నీకు పరువుందా అని అడిగినట్టే. మాంసం కొట్టాయన తన బంగారు రంగు కార్డు తీసి కౌంటరు మీద కొట్టాడట. చర్చిలో ఆర్గన్ వాయించే ఆవిడ, మా ఇంటికి జప్తుకొచ్చినవాళ్ళను చూశావా అని అడిగి మొహాన తలుపేసిందట.

నేను పళ్ళెంలోకి చూస్తూ కూర్చున్నాను. నా పర్సులో ఒకటుంది. ఇంటి డబ్బు వ్యవహారమంతా నోరాయే చూసుకునేది. ఆమె పోయాక నా పేరున ఖాతా కావాలని వెళితే, జీవితమంతా కాలేజీలో భూగోళం చెప్పిన నాకు బ్యాంకులో అమ్మాయి పిల్లలకిచ్చే కార్డు ఇచ్చింది. ఇస్తూ నవ్వలేదు. ఆ మేలు నేను మరిచిపోలేదు.

కార్డు తీసి పంచదార డబ్బా పక్కన పెట్టాను. మేవిస్ దాన్ని చూసింది, నన్ను చూసింది. స్టూలు మీద కూలబడి, ఏప్రన్ మీది పిండి ఎగిరేలా నవ్వింది.

“పదహారేళ్ళ పిల్లల కార్డా విల్ఫ్రెడ్! బ్యాంకువాళ్ళు నీకు బెలూను కూడా ఇచ్చారా?” తర్వాత కళ్ళు తుడుచుకుని అంది: “దాచుకోకు నాయనా. ఈ వీధిలో అప్పు చెయ్యడం చేతకానివాడివి నువ్వొక్కడివే. మహారాజువి.”

వెంటనే కంప్యూటరు ముందు కూర్చున్నాం. వీధిలోవాళ్ళు కార్డు తప్ప సలహాలన్నీ ఇచ్చి పంపారు. వాటిలో పెద్దది: పేరు కార్డు మీద ఉన్నట్టే ఉండాలి, లేకపోతే బ్యాంకు ఒప్పుకోదు. మేవిస్ నా వెనక అట్లకాడతో నిలబడింది. బీమా కావాలా అంటే వద్దంది. పెట్టె, అద్దెకారు, ముందు వరుస సీటు, అన్నిటినీ కోళ్ళను తోలినట్టు తోలేసింది.

“పేరు అడుగుతోంది. కార్డు మీదున్నట్టే కొట్టు. అక్షరం పొల్లుపోకూడదు.”

కొట్టాను. కార్డు రుసుము దగ్గర సున్నా కనపడింది. మేవిస్ కార్డును ముద్దుపెట్టుకుంది. బల్ల చుట్టూ ఇద్దరం చిందులేశాం, నా మోకాలు నా వయసు గుర్తుచేసేదాకా. అప్పుడు ప్రింటరులోంచి కాగితం వచ్చింది. ప్రయాణికుడు: మిస్టర్ విల్ఫ్రెడ్ హెబ్డెన్.

ముందు అడిగింది విమానమెక్కేవాళ్ళ పేరు. కార్డు పేరు తర్వాతి పేజీలో అడిగారు. పేరు మార్చాలంటే టికెట్టుకు రెండింతలు కట్టాలి. డబ్బు వెనక్కి ఇవ్వరు.

మేవిస్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. “అయితే నువ్వే వెళ్ళిరా. మేవిస్ ఎలా ఉందని అడిగితే చెప్పు,” అంది. హాస్యానికే అంది కానీ కాగితాన్ని బల్లమీద బోర్లించింది.

ఇదే విమానానికి మీ పేరున ఇంకోటి కొందామన్నాను. కార్డులో అంతమట్టుకు ఉంది. ఈసారీ కట్టడానికి కట్టక్కర్లేదు. ఆమె తన టికెట్టు డబ్బు లెక్కపెట్టి నా చేతిలో పెట్టి, మొదటి కాగితాన్ని అట్లకాడతో చూపించింది.

“మరి ఇదో?”

“పోనివ్వండి. పెనం వాటా అనుకుందాం.”

“పెనానికి అంటుకున్నదైతే సరే, ఎగిరేది వదిలేస్తామా? నువ్వూ రావాలి నాయనా. పడెయ్యడం కట్టడం కంటే పాపం.”

నోరా పోయాక నేను మరో ఇంట పడుకున్నది లేదు. పెట్టె ఎక్కడుందో వెతకడానికి లేచాను.

బయల్దేరేలోగా వీధిలో నా పరపతి పెరిగింది. కార్డు ఒక్కసారి చూపించమని మాంసం కొట్టాయన అడిగాడు. ఆర్గన్ ఆవిడ అల్లం కేకు పంపింది, తనూ మాల్టా వెళ్దామనుకుంటున్నానని చీటీ పెట్టి. విమానంలో మేవిస్ టీ కూడా కొననివ్వలేదు. ఇంట్లో చేసిన మాంసం శాండ్‌విచ్‌ల పొట్లం విప్పింది. నేల విడిచినప్పుడు మాత్రం నా చొక్కాచెయ్యి పట్టుకుని, అక్క ఇల్లు చేరేదాకా వదలడం మరిచిపోయింది.

కోనీ తలుపు తీసి, చెల్లెలి మొహాన్ని రెండు చేతుల్లో పట్టుకుని ఎండలోకి తిప్పింది. దగ్గరగా, చాలాసేపు చూసింది.

“అమ్మ ముక్కు అలాగే ఉంది. లావయ్యావే,” అంది. ఇద్దరూ ఏడుస్తూ నవ్వారు. తర్వాత కోనీ నావైపు కళ్ళు చికిలించింది. “వెనక నిలబడ్డదెవరు?”

“అతనా?” అంది మేవిస్. “అచ్చుతప్పు.”

రాత్రి నాకు చిన్నగది ఇచ్చారు. వంటింట్లో అక్కాచెల్లెళ్ళు బడిపిల్లల్లా కిచకిచలాడుతున్నారు. అంతలో గోడ తడుముకుంటూ కోనీ నా గుమ్మం దాకా వచ్చి, అచ్చుతప్పు నిద్రపోయిందా అని అడిగింది. నేను కళ్ళు మూసుకునే ఉన్నాను.

“లేపకే అక్కా,” అంది మేవిస్. “దిద్దక్కర్లేదు.” చప్పుడు కాకుండా తలుపు దగ్గరకు వేసింది.