మహారాణి వెంట నడిచిన మనిషి

ఆ కొండ ఎక్కినందుకు కంచరగాడిద మెడకి ఇత్తడి బిళ్ళ కట్టారు గానీ, దాని పగ్గం పట్టుకుని ఎక్కించిన మనిషికి చొక్కా గుండీ కూడా ఇవ్వలేదు. బజారు చివర సంచులూ బెల్టులూ కుట్టే సిపాయి నోట ఈ మాట విననివాడు ఆ వీధిలో ఉన్నాడంటే, వాడు నిన్నో మొన్నో అద్దెకి దిగినవాడై ఉండాలి. సైన్యం వదిలి ముప్పై ఏళ్ళు దాటింది, జుట్టు తెల్లబడింది, సూదిలో దారం ఎక్కించడానికి భార్యని పిలవాల్సి వస్తోంది. అయినా ఆయన్ని అందరూ సిపాయి అనే అంటారు.

"మీ ఇద్దరిలో బుద్ధిమంతులెవరో చూసి ఇచ్చుంటారు లెండి," అంటుంది భార్య, దారం ఎక్కించి సూది చేతికిస్తూ.

వీధిలో వాళ్ళకి తెలిసింది పతకాల గొడవే. కాటికి కాళ్ళు చాచుకున్న వయసులో ఛాతీ మీద తళుకులు కావాలట ముసలాడికి, అని నవ్వుకునేవారు. నవ్వుకోనీ, లోకుల నోటికి మూకుడు పెట్టగలమా? అసలు సంగతి భార్య ఒక్కదానికే తెలుసు. సిపాయికి కావలసింది పతకం కాదు, ఆ రోజు తాను ఆ కొండ మీద ఉన్నానన్న ఒక్క ముక్క. చనిపోయిన స్నేహితుడు తన భార్యకి చెప్పమన్న మాట ఒకటి ఆయన దగ్గర ఉండిపోయింది. ఆ ముక్క చేతిలో లేకుండా మళ్ళీ ఆ స్నేహితుడి ఇంటి గడప తొక్కే మొహం ఆయనకి లేదు.

సిపాయి పనిచేసింది కంచరగాడిదల దళంలో. బండ్లు ఎక్కని కొండలకి తుపాకి గుళ్ళూ నీళ్ళూ మోసుకెళ్ళేవి ఆ జంతువులే. ఒక్కోదానికి ఒక్కో మనిషి. తిండి పెట్టినా, ఒళ్ళు తోమినా, తోలినా అతనే. సిపాయి తోలే దాని పేరు మహారాణి. పేరుకి తగ్గట్టే ఉండేవి దాని నడకా, అలకా. వేరేవాడు పగ్గం పట్టుకుంటే కాలు కదిపేది కాదు.

యుద్ధం ముదిరిన రోజుల్లో సిపాయి జ్వరం తగిలి ఆస్పత్రి డేరాలో పడుకున్నాడు. ఆ సాయంత్రమే పై శిబిరానికి నీళ్ళు చేరాలి. మహారాణి దగ్గరికి కొత్తవాణ్ణి పంపితే, వాణ్ణి ఒక్క తాపు తన్ని కూలదోసి, తాను మాత్రం పాతేసిన గుంజలా నిలబడిపోయింది. జట్టు పెద్ద రొప్పుకుంటూ డేరాలోకి వచ్చాడు.

"లేరా నాయనా. నీ మహారాణిగారు మొండికేశారు. గడ్డం పట్టుకుని బతిమాలాను. కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ."

"అదీ చెయ్యాల్సింది. వసుదేవుడంతటివాడే పట్టుకున్నాడు," అని సిపాయి దుప్పటి విదిల్చుకుని లేచాడు.

డాక్టరు ఎక్కడో గాయపడినవాళ్ళ మధ్య ఉన్నాడు. ఇతను మంచం దిగి వెళ్ళిపోయాడని రాసుకునే దిక్కు లేదు. పోనీ బయలుదేరే చోట రాసుకున్నారా అంటే, ఆ దళంలో అలవాటు వేరు. అక్కడ మనుషుల్ని పిలవరు, జంతువుల్ని పిలుస్తారు. "మహారాణి" అన్నారు, సిపాయి "ఉంది" అన్నాడు, అయిపోయింది. జంతువు ఉందంటే దాని మనిషి ఉన్నట్టే, మళ్ళీ వాడి పేరు అడగడం ఎందుకు? దళంలో చిన్నపిల్లాడికైనా తెలిసిన ఈ సంగతి బయట ఎవరికీ తెలియదు. అలా కాగితాల్లో మహారాణి కొండెక్కింది, సిపాయి ఆస్పత్రిలో మూలుగుతూ ఉండిపోయాడు.

సగం దారిలో పైనుంచి గుళ్ళు కురిశాయి. జట్టు పెద్ద అక్కడికక్కడే పోయాడు. సిపాయికి ముందు నడుస్తున్నవాడు అతని ప్రాణస్నేహితుడు. మనిషి ఎత్తరి కాబట్టి అందరూ పొడుగు అనేవారు. అతను కడుపు పట్టుకుని కూలిపోయాడు. సిపాయి అతన్ని బండ చాటుకి ఈడ్చుకెళ్ళి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. వెనక ఉన్నవాళ్ళకి చీకట్లో ముందున్న జంతువు తోక తప్ప ఏమీ కనపడలేదు. కాబట్టి చూసిన సాక్షి కూడా లేడు.

"మా ఆవిడకి చెప్పు," అన్నాడు పొడుగు. "నా పేరు చెప్పుకుని మూల కూర్చోవద్దను. మంచివాణ్ణి చూసుకుని మళ్ళీ పెళ్ళి చేసుకోమను. నేనన్నానని చెప్పు. నువ్వే వెళ్ళి చెప్పు."

తెల్లవారకుండానే పోయాడు.

సెలవు దొరకగానే సిపాయి ఆ ఇంటికి వెళ్ళాడు. నేను ఆ రోజు పక్కనే ఉన్నాను, ఒక మాట చెప్పడానికి వస్తున్నాను అని ముందే ఉత్తరం రాశాడు కూడా. అదే కొంప ముంచింది. పొడుగు అన్నగారు జాగ్రత్త మనిషి. ఇతనెవరో, ఏమిటో అని సైన్యానికి రాసి జవాబు తెప్పించుకుని కూర్చున్నాడు. సిపాయి ముందు గదిలో నిలబడి, చెప్పాల్సిన మాట చెప్పాడు. తలుపు వెనక ఆమె నిలబడి ఉందని తెలుసు. చీర అంచు కనపడుతోంది.

"బాగుందయ్యా," అన్నాడు అన్నగారు. "ఆ రోజు నువ్వు ఆస్పత్రిలో పడుకున్నావని మీవాళ్ళే రాశారు. పెళ్ళికాని కుర్రాడివి, పనిగట్టుకుని వచ్చి మా మరదల్ని మళ్ళీ పెళ్ళి చేసుకోమంటున్నావు. సంబంధం ఎవరికి చూసుకుంటున్నావు?"

ఆ క్షణంలో భూమి చీలితే బాగుండునని అందరూ అంటారు గానీ, చీలదు, నడుచుకుంటూ వీధిలోకి రావాల్సిందే. తనని లుచ్చా అనుకుంటే అనుకున్నారు, పొడుగు చివరి మాట ఒక లుచ్చా అల్లిన మాట అయిపోయింది కదా అని ఆయన ఏడ్చాడు. ఆ కాగితం దిద్దించుకున్నాకే మళ్ళీ ఈ గడప తొక్కుతాను అని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు.

ఆ కొండెక్కినవాళ్ళందరికీ తర్వాత పతకాలిచ్చారు. పతకం ఇస్తే అక్కడ ఉన్నట్టు, ఇవ్వకపోతే లేనట్టు. అందుకే పతకం కోసం అర్జీలు. రాశాడు, రాశాడు, రాస్తూనే ఉన్నాడు. ఆఫీసుల చుట్టూ చెప్పులరిగాయి, చెప్పులు కుట్టుకోవడం వచ్చినవాడు కాబట్టి సరిపోయింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, ఒక పెద్దాయన సరే అంటే కింద గుమాస్తా కాదనేవాడు. మహారాణి వెళ్ళినట్టు రికార్డుంది కదండీ అంటే, జంతువుల రికార్డు మనుషులకి వర్తించదు అని జవాబు.

మధ్యలో పెళ్ళయింది. మొదటి వారంలోనే భార్యకి అంతా చెప్పేశాడు.

"ఒకావిడకి సంబంధం చెప్పబోయి తన్నులు తప్పించుకుని వచ్చిన మనిషిని కట్టుకున్నానన్నమాట," అందామె. నవ్వింది గానీ, ఆ తర్వాత ఏ అర్జీకీ అడ్డం చెప్పలేదు.

చివరికి రికార్డులు సరిదిద్దే సంఘం ఆయన్ని పిలిచింది. పొడవాటి బల్ల వెనక ముగ్గురు పెద్దలు. మధ్యాయన కాగితాలు తిరగేశాడు.

"ఆస్పత్రి లెక్కల్లో ఆ రోజు మీరు మంచం మీదే ఉన్నారు."

"ఉన్నానండి. పొద్దున ఉన్నాను. సాయంత్రం లేను."

"దానికి రుజువు?"

"మహారాణి వెళ్ళిందండి."

"అది జంతువు కదండీ."

సిపాయికి అరికాలి మంట నెత్తికెక్కింది. "అయితే అది ఒక్కతే వెళ్ళిందంటారా? నీళ్ళ పీపాలు తనే వీపుకి కట్టుకుని, దారి తనే అడుక్కుంటూ?"

మధ్యాయన నవ్వు ఆపుకున్నాడు. చివర కూర్చున్న ముసలాయన మాత్రం నవ్వలేదు. ఆయన ఒకప్పుడు సైన్యంలో పశువుల డాక్టరు.

"ఆయన చెప్పేది నిజమే," అన్నాడు పక్కవాళ్ళతో. "ఆ దళాల్లో జంతువుని పిలిస్తే మనిషి పలికేవాడు. నాకు చాలాకాలం వాళ్ళ పేర్లే తెలియలేదు." తర్వాత సిపాయి వైపు తిరిగాడు. "కొత్తవాణ్ణి తన్నిందని అర్జీలో రాశారే, వాడేమయ్యాడు? కంచరగాడిద తంతే మనిషి లేచి ఇంటికి పోడు."

ఇన్నేళ్ళలో సిపాయికి ఆ ఆలోచనే రాలేదు. తన పేరు వెతికించుకున్నాడు గానీ, ఆ తన్నులు తిన్నవాడి పేరు ఎవరు వెతుకుతారు? ఆస్పత్రి రికార్డు మళ్ళీ తీశారు. సిపాయి పేరున్న పుటలోనే, కాస్త కింద, ఆ సాయంత్రం కాలి ఎముక విరిగి చేరినవాడొకడున్నాడు. కారణం మహారాణి అనే కంచరగాడిద తన్ను. మహారాణికి మరో మనిషిని ఇచ్చినట్టు దళం లెక్కల్లో ఎక్కడా లేదు. పశువుల డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మరి ఎవరు తీసుకెళ్ళినట్టు?" అన్నాడు.

పతకం పార్సిల్లో వచ్చింది, దిద్దిన కాగితంతో సహా. సిపాయి పతకం వంక సరిగా చూడను కూడా లేదు. కాగితం మాత్రం మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు. మర్నాడు భార్యాభర్తలిద్దరూ బస్సెక్కి పొడుగు వాళ్ళింటికి వెళ్ళారు.

తలుపు తీసినవాడు అన్నగారి కొడుకు. అన్నగారు పోయి చాలా ఏళ్ళయిందట.

"పిన్నా? ఆవిడ ఇక్కడెక్కడుందండీ," అన్నాడు. "బాబాయి పోయిన మరుసటి ఏడే వేరే పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. నాన్న బతికున్నంతకాలం ఈ ఇంట్లో ఆవిడ పేరెత్తనివ్వలేదు. రైలు కట్ట అవతల ఇస్త్రీ కొట్టు వాళ్ళదే."

సిపాయి మెట్టు మీదే కూలబడ్డాడు. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఆమె మూల కూర్చోలేదు, అది మంచిదే. కానీ తన మాట అవసరం లేకుండానే ఆమె బతుకు నడిచిపోయింది. మరి తానెందుకు ఇన్నాళ్ళు గుమ్మాలు పట్టుకు వేలాడినట్టు?

"ఇంటికి పోదాం పద," అన్నాడు. "గాడిద గుడ్డు కోసం తిరిగాను."

"ఇంతకాలం మోసిన మూట రైలు కట్ట దాకా మొయ్యలేరా?" అంది భార్య. "లేవండి. వద్దంటే అప్పుడే తిరిగొద్దాం."

ఇస్త్రీ కొట్టు ఇరుకుగా, వేడిగా ఉంది. బక్కపలచని పెద్దాయన ఒకడు చొక్కా మీద నీళ్ళు చల్లి పెట్టె తిప్పుతున్నాడు. పక్కన ఒకామె మడతలు పెడుతోంది. సిపాయి తానెవరో చెప్పబోయేలోపే ఆమె చేతిలో మడత ఆగిపోయింది.

"అన్నయ్యగారా," అంది, ఆనాడు తలుపు సందులోంచి చూసిన మనిషిని గుర్తుపట్టి.

సిపాయి కాగితం బల్ల మీద పరిచాడు. పక్కన పతకం పెట్టాడు. వచ్చేటప్పుడు బస్సులో కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"ఆ రోజు నేను అక్కడే ఉన్నానమ్మా. ఇప్పటికి ఒప్పుకున్నారు. ఇది చూపించి మళ్ళీ చెబుదామని ఇన్నాళ్ళూ తిరిగాను. నువ్వు ఎప్పుడో వచ్చేశావని నాకు తెలీదు. అప్పుడే నమ్మావని తెలిస్తే..."

"నమ్మలేదు అన్నయ్యగారూ."

ఆమె కాగితం చేతిలోకి తీసుకుంది, కానీ చదవలేదు.

"నమ్మానో లేదో నాకే తెలీదు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. ఆ ఇంట్లో ఎవరో ఒకరు ఆ మాట అంటే చాలని తలుపు వెనక నిలబడున్నాను. మీరన్నారు. నిజమో అబద్ధమో చూసుకోలేదు, పట్టుకుని వచ్చేశాను. మా బావగారు పోయేదాకా బయట అందరితో అంటూనే ఉన్నారు, ఎవడో ఆస్పత్రిలో పడుకుని అల్లిన మాట పట్టుకుని మా తమ్ముణ్ణి మరిచిపోయింది అని. ఏమని కాదనను? నాకూ తెలీదుగా. పెద్దమ్మాయి పుట్టినప్పుడు ఎత్తుకుని ముద్దు పెట్టుకోబోయి ఆగిపోయాను. ఆయన ఆ మాట అనే ఉండడేమో, నేనే పారిపోయి వచ్చానేమో అనిపించింది."

ఇస్త్రీ చేస్తున్న పెద్దాయన పెట్టెని పక్కకి నిలబెట్టాడు. ఇదంతా ఆయనకి తెలిసినట్టే ఉంది. సిపాయి కూర్చోవడానికి స్టూలు జరిపి, దాని మీద ఉన్న బట్టలు తీసి తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

"చెప్పండి," అందామె. "నిజంగా అన్నాడా?"

"అన్నాడమ్మా. నా ఒళ్ళో తల పెట్టుకుని అన్నాడు. నన్నే వెళ్ళి చెప్పమన్నాడు, మరీ మరీ అన్నాడు."

ఆమె ఏడ్చింది. దాచుకోకుండా, చిన్నపిల్లలా ఏడ్చింది. సిపాయి భార్య వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది. కాసేపటికి ఆమె చీర చెంగుతో మొహం తుడుచుకుని, భర్త వైపు ఒకసారి చూసి, సిపాయి వైపు తిరిగింది.

"ఇన్నాళ్ళూ ఆయన్ని వదిలేసి పారిపోయి వచ్చినదానిలానే బతికాను అన్నయ్యగారూ," అంది. "ఆయన పంపిస్తేనే వచ్చానన్నమాట."