బడిలో అక్క కాదు

లాండ్రీలో ఆమె పని మరకలు చూడటం. బట్టలు తెచ్చినవాళ్ళ ఎదుటే ఒక్కొక్కటీ బల్లమీద పరచాలి. జేబులు తిరగేసి, కాలరూ చేతుల అంచులూ చూసి, మరకున్నచోట సుద్దతో సున్నా చుట్టి, నంబరు చీటీ గుచ్చి లోపలికి పంపాలి. మధ్యాహ్నం రద్దీ తగ్గాక ఇస్త్రీ బల్ల దగ్గరికి మారాలి. పిల్లల బడి ఆ వెనక వీధిలోనే. ఒకటో తరగతి వాళ్ళను ముందుగా వదిలేస్తారు గనక, ఆమె పరుగున వెళ్ళి చిన్నకూతుర్ని తెచ్చుకుని కౌంటరు వెనక ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టేది. ఐదో తరగతి చదివే పెద్దకూతురు బడి వదిలాక తనే వచ్చేది. ముగ్గురూ కలిసి ఇంటికి పోయేవారు.

ఒకరోజు పెద్దదాని క్లాసులో చదివే ఒకమ్మాయి తల్లి కోటు ఉతికించడానికి తెచ్చింది. స్టూలు మీద కాళ్ళూపుకుంటూ కూర్చున్న చిన్నదాన్ని చూసి అడిగింది.

"ఈ పాపెవరండీ? చుట్టాలమ్మాయా?"

"మా చిన్నమ్మాయండి."

"అదేంటి! మీకు ఒక్కతే అనుకున్నానే. మీ అమ్మాయే చెప్పిందట మా దాంతో, నాకు అక్కా లేదు, చెల్లీ లేదు, ఇంట్లో నేనొక్కదాన్నే అని."

ఆమె నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. మరక లేనిచోట సుద్దతో సున్నా చుట్టేసింది. తర్వాత చూసుకుని తడిగుడ్డతో తుడిచింది. కోటావిడ ఏదో తప్పుగా మాట్లాడానని గ్రహించి, చీటీ తీసుకుని గబగబా వెళ్ళిపోయింది.

చిన్నది మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునుంది.

"మరి స్కూల్లో నేనెవరో అక్కకి తెలీదు కదమ్మా," అంది, తల్లికే ఏమీ తెలియనట్టు.

"తెలీకపోవడం ఏంటే?"

"ఒప్పందం. స్కూల్లో నేను దాన్ని అక్కా అని పిలవకూడదు. ఎవరడిగినా తెలీదనాలి. చచ్చినా చెప్పకూడదు. అలా ఉంటే మంచం మీద గోడవైపు చోటు నాది." అంతలో దానికేదో గుర్తొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాసేపు ఆలోచించి చెయ్యి తీసేసింది. "ఇది స్కూలు కాదుగా. పర్లేదు."

గోడవైపు చోటు కోసం ఆ ఇంట్లో జరిగిన యుద్ధాలు అన్నీ ఇన్నీ కావు. అలాంటిది ఈమధ్య పెద్దది నోరెత్తకుండా ఆ చోటు వదిలేసి అంచుకి పడుకుంటుంటే, ఆమె మురిసిపోయింది. "చూశారా, పెద్దదానికి ఎంత బుద్ధొచ్చిందో," అని మొగుడికి చూపించి మరీ చెప్పింది. ఇప్పుడు ఇస్త్రీపెట్టె పట్టుకుని నిలబడితే, ఆ మాట తల్చుకుంటే ఒళ్ళు మండింది.

ఆమె ఒక్కతే పుట్టి ఒక్కతే పెరిగింది. చిన్నప్పుడు సెలవురోజుల్లో తలుపుకి బంతి కొట్టి, తిరిగొచ్చిన బంతిని తనే పట్టుకుని, తనతో తనే ఆడుకున్న మనిషి. తన పిల్లకి ఆ గతి పట్టకూడదనే, ఇద్దరి జీతాలూ నెలాఖరుకి లాక్కుంటూ వచ్చే రోజుల్లో కూడా పట్టుబట్టి రెండో బిడ్డని కన్నది. ఆ బిడ్డనే ఇది లేదని చెప్పుకు తిరుగుతోందన్నమాట!

ఇంటికెళ్ళేదాకా ఉగ్గబట్టుకుంది. ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. కాపురముండేది మాత్రం లిఫ్టు లేని మూడో అంతస్తులో. ఆయన మెట్లెక్కి వచ్చి, చేతుల మసి కడుక్కుని తుండు కోసం చూస్తుండగానే పంచాయతీ మొదలైంది.

"చెల్లి లేదని చెప్పావా స్కూల్లో?"

పెద్దది తేలు కుట్టిన దొంగలా చిన్నదానివైపు చూసింది. తండ్రి పెద్దదానికి లాయరమ్మ అని పేరు పెట్టాడు. దేనికైనా మూడు కారణాలు ముందే సిద్ధం చేసుకుని ఉంటుందని. ఆ పూట ఒక్కటీ బయటికి రాలేదు.

"నేను చెప్పలేదు! కోటామె చెప్పింది!" అంది చిన్నది.

"నువ్వాగవే," అని చిన్నదాన్ని కసిరి పెద్దదానివైపు తిరిగింది. "అడిగేది నిన్నే. తోడబుట్టిన చెల్లిని లేదనడానికి నీకు నోరెలా వచ్చింది?"

"మరి అది నా గురించి చెప్పింది," అంది పెద్దది. "మొదటిరోజే. గ్రౌండులో మా ఫ్రెండ్సందరి ముందు. దుప్పటి ముక్క గురించి."

ఆ దుప్పటి సంగతి ఇంట్లో అందరికీ తెలిసిందే. ఊయలనాటి పాత దుప్పటి చిరిగి చిరిగి చివరికి జేబురుమాలంత మిగిలింది. పదేళ్ళొచ్చినా పెద్దది దాన్ని బుగ్గకి ఆనించుకోనిదే నిద్రపోదు. చిన్నదాని నోట్లో నువ్వుగింజ నానదు. దానికి తండ్రి పెట్టిన పేరు రేడియో. బడిలో చేరిన మొదటిరోజు కొత్త బెరుకుతో ఏడుస్తూ అక్కని వెతుక్కుంటూ వెళ్ళి, అక్క స్నేహితులు ముద్దుచేయగానే బెరుకంతా మరిచిపోయి ఇంటి వార్తలు మొదలుపెట్టింది. మొదటి వార్తే దుప్పటి.

"అప్పట్నుంచి అందరూ నన్ను దుప్పటీ, దుప్పటీ అంటున్నారు. అటెండెన్సప్పుడు కూడా వెనకనించి అంటారు. నాకు చెల్లి లేదు, ఆ పిల్ల ఎవరో అబద్ధం చెప్పిందని చెప్పేశాను. అప్పుడు ఆపారు."

తండ్రి నవ్వు ఆపుకోలేక తుండులో మొహం దాచుకున్నాడు. "ఇంటి గుట్టు లంకకు చేటని ఊరికే అన్నారా!"

"మీరు నవ్వకండి," అంది ఆమె.

"అది కాదే. మా పెద్దన్నయ్య కూడా బళ్ళో నన్ను పక్కింటివాడని చెప్పేవాడు. నా చొక్కాలకి ఎప్పుడూ గుండీలుండేవి కావని. అయితే ఏమైంది? మన పెళ్ళికి బరువంతా మోసింది వాడే కదా."

"అయితే ఇది మీ వంశంలోనే ఉందన్నమాట."

ఆయనకి ముగ్గురు అన్నదమ్ములు. ఇంట్లో తన్నుకోవడం, బయట కాదనుకోవడం, మళ్ళీ ఒకే కంచంలో చెయ్యి పెట్టడం చూసినవాడు. అందుకే తేలిగ్గా తీసుకున్నాడు. ఆమె వల్ల కాలేదు. రేపట్నుంచి ఇద్దరూ చెయ్యి చెయ్యి పట్టుకుని వెళ్ళాలని, చెల్లిని దాని క్లాసు దాకా దింపి రావాలని గట్టిగా చెప్పింది. పెద్దది గోడకేసి తిరిగి ఏడ్చింది. చిన్నదానికి అసలు బాధేమిటో అర్థం కాలేదు.

"అయితే ఒప్పందం పోయినట్టేనా? గోడవైపు చోటు నాది కాదా?" అని రెండుసార్లు అడిగింది.

మర్నాడు ఆమె వీధి చివరిదాకా వచ్చి చూసింది. ఇద్దరూ చెయ్యి చెయ్యి పట్టుకుని బుద్ధిగా నడుస్తున్నారు. మలుపు తిరిగేముందు పెద్దది వెనక్కి చూసింది. ఆమె లాండ్రీలోకి వెళ్ళినట్టే వెళ్ళి, పక్క సందులోంచి తొంగిచూసింది. అప్పటికే పెద్దది ఇరవై అడుగులు ముందుంది. చిన్నది అలవాటైన పనిలా, ఎవరో దారినపోయే పిల్లలా వెనక నడుస్తోంది. పోనీ అలిగి నడుస్తోందా అంటే అదీ లేదు. పాట పాడుకుంటోంది. ఆమె కాసేపు నిలబడి పనిలోకి వెళ్ళిపోయింది. ప్రేమ అనేది గుచ్చితే నిలిచే చీటీ కాదని ఆమెకీ తెలుసు. తెలిసినంత మాత్రాన ఊరట కలగలేదు.

ఆ వారంలోనే ఒకరోజు లాండ్రీకి బడినుంచి ఫోనొచ్చింది. ఆటల పీరియడులో పెద్దది ఇనుప కమ్మీలెక్కి జారిపడిందట, మణికట్టు వాచిందట, వెంటనే రమ్మన్నారు. ఆమె ఇస్త్రీపెట్టె ఆపి, యజమానికి ఒక్క మాట చెప్పి, చెప్పులు కూడా మార్చుకోకుండా పరిగెత్తింది.

ఆఫీసు పక్క గదిలో పొడుగాటి బెంచీ. ఒక చివర పెద్దది చెయ్యి ఒళ్ళో పెట్టుకుని వెక్కుతోంది. ఇంకో చివర చిన్నది నిటారుగా కూర్చునుంది. దాని కళ్ళలోంచీ నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఇద్దరి మధ్యా చిన్నదాని నీళ్ళ సీసా ఉంది.

ఆటల టీచరు లేచి ఎదురొచ్చింది. "అమ్మా, వీళ్ళిద్దరూ మీ పిల్లలేనా? పెద్దపాప ఒకటే ఏడుస్తోందని, రిజిస్టర్లో చెల్లెలున్నట్టు చూసి, పక్కనుంటే కాస్త ధైర్యంగా ఉంటుందని ఈ పాపని పిలిపించాను. తీరా వచ్చాక, ఈ అమ్మాయెవరో నాకు తెలీదంటోంది. రిజిస్టర్లో మాత్రం ఇద్దరిదీ ఒకే ఇల్లు. సరే తెలీకపోతే క్లాసుకి పో అన్నాను. పోదు. తెలీనివాళ్ళ దగ్గర ఎందుకు కూర్చున్నావంటే, ఊరికే అంటోంది."

"అమ్మా!" పెద్దది గొంతెత్తి ఏడ్చింది. "దానికి నువ్వైనా చెప్పమ్మా! ఇప్పుడు చెప్పొచ్చని నేను వందసార్లు చెప్పాను, వినట్లేదు. నన్ను మీరు అంటోంది! మీకు నొప్పిగా ఉందా అండీ, నీళ్ళు తాగుతారా అండీ అంటోంది!"

"నువ్వే అన్నావుగా, ఎవరడిగినా, చచ్చినా చెప్పకూడదని," అంది చిన్నది వెక్కుతూ. అంతలో మళ్ళీ నాలిక్కరుచుకుని టీచరువైపు భయంగా చూసింది.

ఆమెకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఏది ముందొచ్చిందో తెలీదు. పెద్దదాని చెయ్యి చూసింది. మణికట్టు దగ్గర వంకర కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. నవ్వు మాయమైంది.

"ఇది మా చెల్లి, మిస్," అంది పెద్దది ముక్కు ఎగబీలుస్తూ. ఆ మాట మహా ప్రేమగా ఏమీ అనలేదు. పిల్లి పిల్లని మెడ పట్టుకుని ఎత్తినట్టు విసుగ్గా అంది. "రావే ఇటు."

చిన్నది బెంచీ మీద జరుగుతూ జరుగుతూ వచ్చి అక్క పక్కన చేరి, బాగున్న చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

ఆసుపత్రిలో ఎముక సరిచేస్తుంటే పెద్దది వేసిన కేకలకి వరండాలో కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. సూది చూసి ఒకసారి, సూది దిగాక ఒకసారి, కట్టు వేసేటప్పుడు ఆగకుండా ఏడ్చింది. తండ్రి ఎక్కడో లిఫ్టు గుంతలో ఉండి, కబురందగానే మసి చేతులతోనే వచ్చి, గోడకి తగలకుండా చేతులు పైకెత్తుకుని నిలబడ్డాడు. చిన్నది చెవులు మూసుకుని తల్లి ఒళ్ళో దూరింది. మధ్యమధ్యలో వేళ్ళు తీసి, ఇంకా ఏడుస్తోందా అని విని మళ్ళీ మూసుకుంది.

ఇంట్లో కొన్నాళ్ళు పని రెట్టింపయ్యింది. కట్టుకి నీళ్ళు తగలకుండా స్నానం, ఎడంచేత్తో అన్నం, జడ వేయడం, చెప్పులు తొడగడం. చిన్నది అన్నిటికీ నేనంటే నేనని వచ్చేది. అక్క చొక్కా గుండీలు ఒకటి కిందా ఒకటి పైనా పెట్టేది. విప్పి మళ్ళీ పెట్టబోతే పెద్దది అరిచేది, చిన్నది అలిగేది. ఒకరోజు కట్టు మీద బొమ్మ గీస్తానని పెన్ను విరగ్గొట్టింది. ఆ సిరా మరక తీయడానికి మరకల మనిషైన తల్లికే తాతలు దిగొచ్చారు. దుప్పటి ముక్క పక్కలో దొరకలేదని రాత్రుళ్ళు మళ్ళీ గొడవ. ఇద్దరూ బుద్ధిమంతులైపోయారని ఆమె ఎక్కడా చెప్పుకోలేదు.

పెద్దది తిరిగి బడికి వెళ్ళిన రోజు సంచీ మోయలేదని ఆమే తోడు వెళ్ళింది. ముందుగా చిన్నదాని క్లాసు. గుమ్మం దగ్గర ఆమె దాని సంచీ సర్దుతుంటే, ఒకటో తరగతి పిల్లలంతా పెద్దదాని తెల్లకట్టు చూసి తేనెటీగల్లా మూగారు. ఐదో తరగతి వాళ్ళు కొందరు కూడా అటుగా పోతూ ఆగారు. అందులో ఆ కోటావిడ కూతురూ ఉంది.

"ఈమె మా అక్క," అంది చిన్నది, అందరికీ వినపడేలా.

పెద్దది గోడకి ఆనుకుని నేలచూపులు చూస్తోంది. రేడియో మొదలైంది, ఇక దుప్పటీ ఆసుపత్రీ కేకలూ అన్నీ వస్తాయి అనుకుంది తల్లి. అడ్డుపడదామని నోరు తెరిచేలోపే చిన్నది అందుకుంది.

"ఎముక విరిగింది. ఇంత పెద్ద సూది గుచ్చారు. మా అక్క ఏడవనే లేదు. డాక్టరుగారే ఆశ్చర్యపోయారు."

"అస్సలేడవలేదా?" అంది ఒక పిల్ల.

"అస్సలు. కావాలంటే మా అమ్మనడగండి."

పిల్లలందరూ ఒక్కసారిగా ఆమె వైపు తిరిగారు. అబద్ధమాడితే చెంప పగలగొడతానని ఇద్దరినీ బెదిరించి పెంచిన తల్లి ఆమె. పెద్దదాని వైపు చూసింది. అది తలెత్తలేదు గానీ చెవులు ఎర్రబడ్డాయి.

"అవును," అంది ఆమె. "గట్టి పిల్ల."

పెద్దది కట్టున్న చేతిని కాస్త ముందుకు పెట్టి, పిల్లల్ని ఒక్కొక్కరినీ తాకి చూడనిచ్చింది. గంట కొట్టారు. చిన్నది లోపలికి పోతూ అక్కకి చెయ్యూపింది. పెద్దది ఊపలేదు. గడ్డం మాత్రం కొంచెం పైకెత్తింది. తర్వాత తల్లి చేతిలోంచి తన సంచీ లాక్కుని ఎడమ భుజానికి తగిలించుకుంది. "ఇంక నువ్వెళ్ళమ్మా, అందరూ చూస్తున్నారు," అని తన క్లాసుకి పోయింది.

ఆమె లాండ్రీకి చేరేసరికి కౌంటరు ముందు నలుగురు నిలబడి ఉన్నారు. యజమాని గడియారం చూశాడు. ఆమె సుద్దముక్క తీసుకుని మొదటి చొక్కా బల్లమీద పరిచింది.