లై ఆరేదాకా

మైదాపిండి ఉండ కట్టకుండా గిన్నెలో పుల్లతో తిప్పుతూనే ఉన్నాడు నెహెమ్యా. పుస్తకాలకు పూసే ఈ లై పలచనైతే అట్ట ఊడుతుంది, చిక్కనైతే ముడత పడుతుంది. ముప్ఫై ఏళ్లుగా నారాయణఖేడ్ గ్రంథాలయంలో తలుపులు తీసేదీ, ఊడ్చేదీ, కుండలో నీళ్లు నింపేదీ, చినిగిన పుస్తకాలు అతికేదీ ఆయనే. గోళ్ల కింద ఎండిన లై తెల్లగా పొరకట్టి, ఆదివారం చర్చికి పోయేముందు భార్య గ్రేసమ్మ పీచుతో రుద్దినా వదలదు. పొట్టి మనిషి, వంగిన వీపు, కుట్టుదారం కొరికి కొరికి అరిగిన ముందుపన్ను. ఒకసారి చూస్తే గుర్తుండే ముఖం కాదు.

ఆ గ్రంథాలయానికి ఒక అలవాటుంది. ప్రతి పుస్తకం వెనక అట్టకూ ఒక తెల్లకాగితం అంటించి ఉంటుంది. చదివినవాళ్లు తమకేమనిపించిందో దానిమీద రాసిపోతారు. ఆ కాగితాలన్నీ అంటించిన నెహెమ్యా, ఇన్నేళ్లలో వాటిమీద ఒక్క అక్షరం రాసిన పాపాన పోలేదు. మిషన్ బడిలో అయిదు దాకా చదివిన చెయ్యి, పెద్దచదువుల పక్కన గీతలు గీయడమేమిటని జంకు.

ఇవాళ మాత్రం ఆయన మనసు మనసులో లేదు. సాయంత్రం జిల్లా నుంచి బండి వస్తుంది. ఎవరూ మెచ్చని పుస్తకాలు మూట కట్టి పంపెయ్యాలి. ఆ మూటలోకి 'నూనె పోసే ముసలమ్మ' కూడా పోతుంది.

అదేమంత పుస్తకమని! అరవై పేజీలు. ఊరంతా ఎగబడి చదివిన 'నల్లకోట' నవల అయిదు భాగాలకూ తోక లాంటిది. అయిదింటిలో రెక్కల గుర్రాలు, మంత్రపు కత్తులు, తలలు తెగే యుద్ధాలు. వాటికోసం కంగ్టి నుంచి కూడా బస్సెక్కి వచ్చేవాళ్లు. ఈ చిన్నదానిలో మాత్రం అదే కోటలో దీపాలకు నూనె పోసే ఒక ముసలమ్మ, ఆమె ఒక రోజు. అంతే. నెహెమ్యా దాన్ని వేలు పెట్టుకుని నాలుగుసార్లు చదివాడు. రెండోసారి ఏడ్చాడు కూడా. చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

పదింటికి మాణిక్యప్ప వచ్చాడు. నాగల్‌గిద్దలో లెక్కల మాస్టరుగా చేసి రిటైరైన మనిషి, నోటికి అడ్డూ ఆపూ లేదు.

"ఏంది నెహెమ్యా, గీ సన్న బుక్కు ఇంక పంపలేదా?" అన్నాడు బల్ల మీదికి చూసి. "యుద్ధం లేదు, రాక్షసుడు లేడు. ముసల్ది లేస్తది, నూనె పోస్తది, పంటది. గిదొక కథనా?"

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. "మీ ఇష్టం సార్," అని కుండమీద మూత సర్దాడు నెహెమ్యా.

కాసేపటికి డిగ్రీ చదివే జీవిత అయిదో భాగం తిరిగివ్వడానికి వచ్చింది.

"చిన్నది చదివితివా బిడ్డా?" ఆశగా అడిగాడు.

"సగం చదివిన తాతా, బోరు కొట్టింది. కానీ మా అమ్మకు వినిపిస్తే, ఇంక చదువుమన్నది. ఆమె హాస్టల్ల వంట చేస్తది గదా."

"గా ముచ్చటే ఎనక రాయరాదు?"

"జాగ ఏడున్నది తాతా? అంత తిట్లే నిండినయ్."

నిజమే. దండగ, నిద్రమాత్ర, మోసం. అన్నిటికన్నా పైన మాణిక్యప్ప గుండ్రటి అక్షరాలు: 'ఈ ముసలమ్మ లేకున్నా కథకు లోటు లేదు.'

గ్రంథపాలకురాలు రజిత మంచి మనిషే. కానీ అరలు ఇరుకు. "కాగితం జూసే పంపుతం గదన్నా. ఒక్కరన్న మంచిగున్నదని రాస్తే ఉంచుత," అని అన్నానికి ఇంటికి వెళ్లింది.

గది ఖాళీ అయింది. నెహెమ్యా కొత్తకాగితం కత్తిరించాడు. పాతదాన్ని నిండా కప్పేస్తే తిట్లన్నీ మాయం. ఎవరికి తెలుస్తుంది? కుంచె ముంచి ఆగాడు. చదివినవాళ్ల మాట మింగేస్తే తనకూ చెదపురుగుకూ తేడా ఏముంది? ఒక్క అంచుకే లై రాసి, పైది ఎత్తి కిందిది చదువుకునేలా అంటించాడు. పొద్దుటినుంచీ ఎడమచెయ్యి లాగుతోంది. పట్టించుకోలేదు. పెన్ను తీసి, నాలుక కరుచుకుని, ఒక్కో అక్షరం దిద్దాడు:

'గామె నూనె పొయ్యకుంటే రాజు చీకట్ల ఎవలితోని కొట్లాడుతడు? నాకు మంచిగనిపించింది. నెహెమ్యా.'

పుస్తకం మూసి, ఎప్పటిలాగే మీద నాపరాయి పెట్టాడు. లై ఆరేదాకా ఆ రాయి ఎవరూ ఎత్తకూడదు. ఎత్తబోతే రజిత మేడంనైనా కసిరేవాడు, అదొక్క విషయంలోనే. కుర్చీలో వెనక్కి వాలాడు. ఇన్నాళ్లకు తన మాట కూడా ఒకటి అక్కడ ఉంది. హాయిగా కళ్లు మూసుకున్నాడు.

రెండింటికి రజిత, పేపరు కోసం మళ్లీ వచ్చిన మాణిక్యప్ప కలిసే మెట్లెక్కారు. నిద్రపోతున్నాడనుకున్నారు. భుజం కదిపితే తల పక్కకు వాలింది. చర్చివాళ్లు వచ్చారు, గ్రేసమ్మ ఆయన గోళ్లు పట్టుకుని ఏడ్చింది, ఇంటికి తీసుకుపోయారు.

అయిదింటికి బండి వచ్చింది. మూట ఎక్కించుకుని, జాబితా చూసి డ్రైవరు, "గా రాయి కిందిది గూడ ఇయ్యుండ్రి మేడం," అన్నాడు.

రజిత చెయ్యి చాపింది. మాణిక్యప్ప ఆ చేతికి అడ్డం పెట్టాడు.

"ఆగు బిడ్డా. లై ఆరలేదు," అన్నాడు. "కసురుతడు."

బండి వెళ్లిపోయింది. బల్లమీద నల్లటి నాపరాయి, దానికింద సన్నటి పుస్తకం, పక్కన మూత పెట్టని పెన్ను.